టెస్టులు ఫెయిల్ అవుతున్నాయా? ముందు ఆ పూల్ ఎవరిదో చూడండి: లిబ్‌వర్ట్ స్టోరేజ్ గొడవలు తేల్చుకునే పద్ధతి

మీ ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాసవుతాయి. అదే కోడ్‌ను ల్యాబ్‌లోని పెద్ద మెషిన్ మీద నడిపితే సగం ఫెయిల్. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ నడిపితే ఈసారి వేరే టెస్టులు ఫెయిల్. మీరు రాసిన ప్రోగ్రాం లిబ్‌వర్ట్‌తో (లినక్స్‌లో వర్చువల్ మెషిన్లను తయారు చేసి నడిపించే సాఫ్ట్‌వేర్) వర్చువల్ మెషిన్లు తయారు చేసేదైతే, ఇలాంటి పిచ్చి ఫలితాల వెనక ఎక్కువసార్లు ఉండేది స్టోరేజ్ పూల్స్ ఒకదానితో ఒకటి తగులుకోవడమే. కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ రాత్రంతా కూర్చునే ముందు ఇది చూసుకోండి.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు కాలేజీ ల్యాబుల్లో, చిన్న టీముల్లో మనిషికో సర్వర్ ఉండదు. కాస్త ర్యామ్ ఎక్కువున్న ఒక్క మెషిన్ ఉంటుంది, అందరూ ఎస్‌ఎస్‌హెచ్‌తో దాని మీదకే ఎక్కుతారు, ఒకరు వర్ట్-మేనేజర్ (లిబ్‌వర్ట్‌ని విండోలో వాడే ప్రోగ్రాం) తెరిచి ఉబుంటు వేసుకుంటుంటారు, ఇంకొకరు దేవరకొండ నుంచో జడ్చర్ల నుంచో ఇంట్లో కూర్చుని వాగ్రంట్ (వర్చువల్ మెషిన్లు తయారు చేసే ఇంకో టూల్) నడుపుతుంటారు, అదే టైమ్‌కి మీరు పైటెస్ట్ (పైథాన్ టెస్టులు నడిపే టూల్) కొడతారు. ఇలా పంచుకునే మెషిన్ కోసమే ఈ పద్ధతి రాస్తున్నా. సొంత మెషిన్ అయినా ఇవే అడుగులు పనికొస్తాయి, అక్కడ గొడవ పడేది మీ పాత టెస్టుతో మీ కొత్త టెస్టు, అంతే తేడా.

ఒక మాట: కమాండ్లు, ఎర్రర్ మెసేజ్‌లు అన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నా. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు వాటి మామూలు ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనే కొట్టాలి.

అసలు రూల్ ఏంటంటే

లిబ్‌వర్ట్‌లో పూల్ అంటే డిస్క్ ఫైళ్లు పెట్టుకునే చోటు, ఎక్కువగా ఒక డైరెక్టరీ. అందులో ఉండే ఒక్కో డిస్క్ ఫైల్ ఒక వాల్యూమ్. పూల్‌కి ఒక పేరు, ఒక యూయూఐడీ (దాన్ని గుర్తుపట్టే పొడవాటి నంబరు), ఒక పాత్ ఉంటాయి. ఒకే సర్వే నంబరు భూమికి ఇద్దరి పేర్ల మీద రెండు పాసుబుక్కులు ఇవ్వకూడదు కదా, లిబ్‌వర్ట్ కూడా అంతే, ఒకే డైరెక్టరీ మీద రెండు పూల్స్ రాయనివ్వదు, పేర్లు వేరైనా సరే. చాలామంది ఇక్కడే పడిపోతారు. "నా పూల్ పేరు వేరే కదా, ఎందుకు ఒప్పుకోవట్లేదు" అని పేరు మార్చి మార్చి చూస్తారు, గొడవ పేరు దగ్గర లేదు, పాత్ దగ్గర ఉంది.

అందుకే మెసేజ్‌ని సరిగ్గా చదవండి. "స్టోరేజ్ సోర్స్ కాన్‌ఫ్లిక్ట్ విత్ పూల్: 'ఇమేజెస్'" అని వస్తే, మీరు అడిగిన డైరెక్టరీని ఇమేజెస్ అనే పూల్ ఇప్పటికే పట్టుకుని ఉందని అర్థం. "పూల్ 'డిఫాల్ట్' ఆల్రెడీ ఎగ్జిస్ట్స్ విత్ యూయూఐడీ" అని వస్తే అది పేరు గొడవ. "ఆల్రెడీ డిఫైన్డ్ విత్ యూయూఐడీ" అని వస్తే ఎవరో పాత పూల్ ఎక్స్ఎంఎల్‌ని (పూల్ వివరాలు రాసి ఉండే ఫైల్) కాపీ చేసి, పేరు మార్చి, యూయూఐడీ లైను తీసేయడం మర్చిపోయారు. ఆ లైను తీసేస్తే లిబ్‌వర్ట్ కొత్తది తనే ఇస్తుంది, అక్కడితో ఆ కథ అయిపోతుంది.

ఇంకో రకం ఉంది, అది ఇంకా ఎక్కువ తిప్పలు పెడుతుంది, ఎందుకంటే మెసేజ్‌లో కాన్‌ఫ్లిక్ట్ అన్న మాటే ఉండదు. వాల్యూమ్ ఇప్పటికే ఉందని రావచ్చు. వీఎం (వర్చువల్ మెషిన్) స్టార్ట్ అయ్యేటప్పుడు "ఫెయిల్డ్ టు గెట్ 'రైట్' లాక్" అని రావచ్చు. లిబ్‌వర్ట్ కింద వీఎంలను నిజంగా నడిపే ప్రోగ్రాం క్యూఈఎంయూ, 2017లో వచ్చిన దాని 2.10 నుంచి ఒకే డిస్క్ ఫైల్‌ని రెండు వీఎంలు ఒకేసారి రాయకుండా లాక్ పెడుతున్నారు, ఆ లాక్ దొరక్కపోతే వచ్చే మెసేజ్ అది. "పూల్ హ్యాజ్ అసింక్రనస్ జాబ్స్ రన్నింగ్" అని కూడా రావచ్చు. పేర్లు ఏవైనా మూలం తరచుగా ఒకటే, ఇద్దరు ఒకే చోట పని చేస్తున్నారు.

మొదటి ఎర్రర్ దగ్గర ఆగండి

టెస్టుల సూట్ మొత్తం నడిపి చివర్లో వచ్చిన ఎర్రర్ చదవకండి. మొదటి టెస్టు పూల్ తయారు చేయలేకపోతే దాని మీద ఆధారపడ్డవన్నీ వరసగా పడిపోతాయి, చివరి టెస్టు "వీఎం దొరకలేదు" అంటుంది, మీరేమో వీఎం కోడ్ తవ్వుతూ కూర్చుంటారు. పైటెస్ట్‌కి -ఎక్స్ ఇచ్చి మొదటి ఫెయిల్యూర్ దగ్గరే ఆపండి. ఆ మెసేజ్ మొత్తాన్ని ఒక ఫైల్‌లో పెట్టుకోండి.

మళ్లీ రన్ బటన్ నొక్కకండి. ఇది గట్టిగా చెబుతున్నా. రెండోసారి నడిపితే మొదటిసారి మిగిలిపోయిన చెత్త ఇంకోలా పేరుకుంటుంది, ఆధారాలు చెదిరిపోతాయి, కొన్నిసార్లు అనుకోకుండా పాసైపోతుంది కూడా, అప్పుడు అందరూ "సరేలే" అని వదిలేస్తారు, వారం తర్వాత డెమో రోజు మళ్లీ వస్తుంది.

ఆ ఫెయిలైన టెస్టు ఒక్కదాన్నే విడిగా నడిపితే ఏమవుతుందో తర్వాత చూద్దాం. ముందు మెషిన్ మీద ఏముందో చూడాలి.

మీరు ఏ లిబ్‌వర్ట్‌తో మాట్లాడుతున్నారు?

ఒకే మెషిన్ మీద లిబ్‌వర్ట్‌కి రెండు వేరు వేరు లెక్కలు ఉంటాయి. ఒకటి క్యూఈఎంయూ:///సిస్టమ్, ఇది మెషిన్ అంతటికీ ఒక్కటే. ఇంకోటి క్యూఈఎంయూ:///సెషన్, ఇది ఒక్కో యూజర్‌కి వేరే. మామూలు యూజర్‌గా విర్ష్ (లిబ్‌వర్ట్‌ని టెర్మినల్ నుంచి నడిపే కమాండ్) కొడితే సాధారణంగా సెషన్‌కి వెళ్తుంది, సుడోతో (అడ్మిన్ హక్కులతో) కొడితే సిస్టమ్‌కి వెళ్తుంది. టెస్టు సిస్టమ్‌తో మాట్లాడుతుంటే మీరు సెషన్‌లో పూల్స్ లిస్టు చూసి "ఇక్కడ ఏమీ లేదే" అనుకుంటే పని ముందుకు కదలదు. టెస్టు కోడ్‌లో లిబ్‌వర్ట్ ఓపెన్‌కి ఏ యూఆర్ఐ (పైన చెప్పిన క్యూఈఎంయూ:/// లాంటి అడ్రస్) ఇచ్చారో చూడండి, లిబ్‌వర్ట్_డిఫాల్ట్_యూఆర్ఐ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఎక్కడైనా సెట్ అయిందేమో చూడండి. ఆ తర్వాత ప్రతి కమాండ్‌లోనూ యూఆర్ఐని విడిగా రాసే అలవాటు చేసుకోండి:

విర్ష్ -సి క్యూఈఎంయూ:///సిస్టమ్ పూల్-లిస్ట్ --ఆల్ --డీటెయిల్స్

ఇందులో --ఆల్ చాలా ముఖ్యం. అది లేకపోతే నడుస్తున్న పూల్స్ మాత్రమే కనిపిస్తాయి. ఆగిపోయి ఉన్న పూల్ కూడా తన పేరునీ పాత్‌నీ పట్టుకునే ఉంటుంది, మీ కొత్త పూల్‌ని అడ్డుకుంటుంది, కానీ మామూలు లిస్టులో కనబడదు. కాన్‌ఫ్లిక్ట్ అంటోంది కానీ ఆ పూలే లేదు అని గ్రూపుల్లో అడిగేవాళ్లలో చాలామంది ఈ ఒక్క ఆప్షన్ వదిలేసినవాళ్లే.

ఏ పూల్ ఏ డైరెక్టరీని పట్టుకుంది

లిస్టులో పేరు, స్టేట్, ఆటోస్టార్ట్, పర్సిస్టెంట్, సైజులు కనిపిస్తాయి, పాత్ మాత్రం కనిపించదు. ఒక్కో పూల్‌కి విర్ష్ పూల్-డంప్ఎక్స్ఎంఎల్ అని పేరు ఇచ్చి చూస్తే టార్గెట్ అనే భాగంలో పాత్ ఉంటుంది. పూల్స్ ఎక్కువుంటే ఇంకో దారి:

సుడో గ్రెప్ -ఆర్ పాత్ /ఈటీసీ/లిబ్‌వర్ట్/స్టోరేజ్

సిస్టమ్ లెక్కలోని పర్సిస్టెంట్ (రీబూట్ అయినా మిగిలే) పూల్స్ ఎక్స్ఎంఎల్ ఫైళ్లన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. లోపల ఆటోస్టార్ట్ అనే ఇంకో ఫోల్డర్ కూడా ఉంటుంది, మెషిన్ లేవగానే స్టార్ట్ అవ్వాల్సిన పూల్స్‌కి అందులో లింకులుంటాయి. ఆ ఫైళ్లను చూడండి, చేత్తో మాత్రం మార్చకండి, తుడిచేయకండి. మార్పు ఏదైనా విర్ష్ ద్వారానే చేయాలి, లేకపోతే వెనక నడుస్తున్న లిబ్‌వర్ట్ డీమన్‌కి (సర్వీసుకి) ఒక లెక్క, ఫైల్‌లో ఒక లెక్క అయి ఇంకా ఆగమాగం అవుతుంది. పర్సిస్టెంట్ కాని పూల్స్ ఈ ఫోల్డర్‌లో ఉండవు కాబట్టి వాటికి డంప్ఎక్స్ఎంఎల్ ఒక్కటే దారి.

ఇప్పుడు ఒక కాగితం మీద మూడు గీతలు గీసి పేరు, పాత్, ఎవరిది అని రాసుకోండి. మొదటి రెండూ తేలిగ్గా నిండుతాయి. మూడోదే అసలు పని, టెస్టులు బాగుపడేది దాన్నిబట్టే.

ఎవరు పెట్టారో కనుక్కోవడం

పూల్స్ వాటంతటవే పుట్టవు, కానీ మనిషి కావాలని పెట్టనివి చాలా ఉంటాయి. వర్ట్-మేనేజర్ డిఫాల్ట్ అనే పూల్ లేకపోతే తనే /వార్/లిబ్/లిబ్‌వర్ట్/ఇమేజెస్ మీద దాన్ని తయారు చేస్తుంది. డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఐఎస్ఓ ఫైల్ పెట్టి వీఎం ఇన్‌స్టాల్ చేస్తే ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కీ ఒక పూల్ రాస్తుంది. వర్ట్-ఇన్‌స్టాల్‌కి --డిస్క్ పాత్ ఇచ్చినా అంతే, ఆ ఫైల్ ఉన్న డైరెక్టరీకి పూల్ లేకపోతే డైరెక్టరీ చివరి పేరుతోనే ఒకటి పెట్టేస్తుంది. అందుకే ఇమేజెస్, డౌన్‌లోడ్స్, టీఎంపీ లాంటి పేర్లతో పూల్స్ కనిపిస్తే మనిషి కంటే టూల్ మీదే ముందు అనుమానం పెట్టుకోండి.

దీనివల్ల వచ్చే గొడవ ఎలా ఉంటుందో చూడండి. కొత్తగా ఓఎస్ వేసిన మెషిన్, డిఫాల్ట్ పూల్ ఇంకా లేదు. పొద్దున ఎవరో వర్ట్-ఇన్‌స్టాల్‌తో ఒక వీఎం పెట్టారు, డిస్క్‌కి /వార్/లిబ్/లిబ్‌వర్ట్/ఇమేజెస్ లోపలి పాత్ ఇచ్చారు. ఇమేజెస్ అనే పూల్ పుట్టింది. సాయంత్రం మీ టెస్టు "డిఫాల్ట్ పూల్ ఉందా? లేదా, అయితే తయారు చేద్దాం" అనుకుని అదే పాత్‌తో వెళ్తుంది. లేదు కాబట్టే తయారు చేస్తోంది, కానీ పాత్ ఇంకొకరి చేతిలో ఉంది. కాన్‌ఫ్లిక్ట్. ఇక్కడ టెస్టులో లాజిక్ తప్పేమీ కనబడదు, ఉందా లేదా అని చూసింది కూడా, కానీ చూసింది పేరుని, చూడాల్సింది పాత్‌ని. ఇదొక్కటి అర్థమైతే సగం పని అయినట్టే.

ఇంకో పెద్ద కారణం కరెంటు. ఎండాకాలం మధ్యాహ్నం టెస్టులు నడుస్తుంటే కరెంటు పోతుంది, యూపీఎస్ కాసేపు మోసి చేతులెత్తేస్తుంది, టెస్టు చివర్లో శుభ్రం చేయాల్సిన కోడ్ నడవనే నడవదు. మెషిన్ మళ్లీ లేచాక పర్సిస్టెంట్ పూల్స్ అన్నీ అలాగే ఉంటాయి. పూల్ డైరెక్టరీ /టీఎంపీలో ఉండి, ఆ మెషిన్‌లో /టీఎంపీ రీబూట్‌కి ఖాళీ అయ్యేదైతే ఇంకా వింతగా ఉంటుంది, డైరెక్టరీ లేదు, పూల్ రికార్డు మాత్రం ఉంది, స్టార్ట్ అవ్వదు, దానంతటది పోదు. మీ టెస్టు అదే పేరు అడిగితే ఇప్పటికే ఉందంటుంది, దాన్నే వాడుకుందామంటే డైరెక్టరీ తెరవలేకపోయానంటుంది.

ఎక్స్ఎంఎల్ ఫైల్ తేదీ, టైము చూస్తే పూల్ ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది, ఆ టైమ్‌కి మెషిన్ మీద ఎవరున్నారో లాస్ట్ అనే కమాండ్ చెబుతుంది. లాగ్ కోసం జర్నల్‌సీటీఎల్ -యూ లిబ్‌వర్ట్‌డీ చూడండి. ఫెడోరా 35 నుంచి, ఆర్‌హెచ్‌ఈఎల్ 9లో డీమన్‌ని ముక్కలు చేశారు, స్టోరేజ్ పని వర్ట్‌స్టోరేజ్‌డీ చూస్తుంది కాబట్టి అక్కడ ఆ పేరుతో వెతకాలి. పాత పేరుతో వెతికి లాగ్ ఖాళీగా ఉందని అనుకోవద్దు.

ఆ పూల్‌లోని డిస్కులు ఎవరైనా వాడుతున్నారా అన్నది కూడా తేల్చుకోవాలి. విర్ష్ లిస్ట్ --ఆల్ కొట్టి, వచ్చిన ఒక్కో వీఎంకి విర్ష్ డాంబ్లక్‌లిస్ట్ అంటే (డొమైన్‌కి డాం, బ్లాక్‌కి బ్లక్, కలిపి రాయాలి) దాని డిస్క్ ఫైళ్ల పాత్‌లు వస్తాయి. మీ దగ్గర ఒక ఫైల్ పాత్ ఉండి అది ఏ పూల్‌దో తెలియకపోతే విర్ష్ వాల్-పూల్‌కి ఆ పాత్ ఇవ్వండి, పేరు చెబుతుంది.

తీసేసేటప్పుడు

మూడు కమాండ్లు ఉన్నాయి, వాటి పేర్లు చూసి చాలామంది భయపడాల్సిన దానికి భయపడరు, అక్కర్లేని దానికి భయపడతారు.

పూల్-డెస్ట్రాయ్ అంటే పూల్‌ని ఆపడం. అంతే. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. నడుస్తున్న వీఎంలు కూడా ఆగవు, ఎందుకంటే అవి డిస్క్ ఫైల్‌ని ముందే తెరిచి పట్టుకున్నాయి. కాకపోతే వీఎం ఎక్స్ఎంఎల్‌లో డిస్క్‌ని నేరుగా పాత్‌తో కాకుండా పూల్ పేరు, వాల్యూమ్ పేరుతో రాసి ఉంటే, ఆ వీఎంని ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు పూల్ యాక్టివ్‌గా లేదని ఆగిపోతుంది.

పూల్-అన్‌డిఫైన్ అంటే ఆ పూల్ రికార్డుని లిబ్‌వర్ట్ నుంచి తీసేయడం. ఇప్పుడూ ఫైళ్లు పోవు. పాత్ మాత్రం ఖాళీ అవుతుంది, వేరే పూల్ దాన్ని తీసుకోవచ్చు.

పూల్-డిలీట్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. ఇది పూల్ కింద ఉన్న అసలు చోటునే తీసేయడానికి. డైరెక్టరీ పూల్ అయితే ఖాళీగా ఉంటేనే డైరెక్టరీ పోతుంది, అది కొంత నయం. ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్ గ్రూపులుగా పంచే లినక్స్ పద్ధతి) మీద ఉన్న లాజికల్ పూల్ అయితే వాల్యూమ్ గ్రూప్‌నే తీసిపారేస్తుంది, అందులో పక్కవాళ్ల ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ వీఎం ఉంటే అదీ పోతుంది. పూల్స్ గొడవ తీర్చడానికి ఈ కమాండ్ అసలు అవసరమే లేదు. వాల్-డిలీట్ కూడా అంతే జాగ్రత్తగా వాడాలి, అది డిస్క్ ఫైల్‌ని నిజంగానే తుడిచేస్తుంది.

కాబట్టి క్రమం ఇది. ముందు పూల్-డంప్ఎక్స్ఎంఎల్ అవుట్‌పుట్‌ని మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక ఫైల్‌గా దాచుకోండి, అవసరమైతే పూల్-డిఫైన్‌తో తిరిగి పెట్టేయొచ్చు. తర్వాత పూల్-డెస్ట్రాయ్. తర్వాత పూల్-అన్‌డిఫైన్. పూల్ ముందే ఆగి ఉంటే డెస్ట్రాయ్ ఎర్రర్ ఇస్తుంది, నేరుగా అన్‌డిఫైన్ చేయండి. పూల్ మీది కాదని అనుమానం ఉంటే ఇవేమీ చేయకండి, ల్యాబ్ గ్రూప్‌లో అడగండి, ఈలోగా మీ టెస్టుని వేరే పాత్‌కి మార్చుకోండి. ఎలాగూ మార్చాల్సిందే.

టెస్టుని సరి చేయడం

మెషిన్ శుభ్రం చేస్తే ఈరోజుకి టెస్టులు పాసవుతాయి, రేపు మళ్లీ అదే. టెస్టు తనకంటూ సొంత పేరు, సొంత డైరెక్టరీ పెట్టుకోవాలి, తను పెట్టినదాన్ని మాత్రమే తీసేయాలి. డిఫాల్ట్ అనే పేరు, /వార్/లిబ్/లిబ్‌వర్ట్/ఇమేజెస్ అనే పాత్ అందరివీ. టెస్టు వాటి జోలికి పోకూడదు.

పైటెస్ట్‌లో అయితే ఒక ఫిక్స్చర్ (టెస్టుకి ముందు సెటప్, తర్వాత శుభ్రం చేసే ఫంక్షన్) రాయండి. పేరులో మీ ప్రాజెక్ట్ పేరు, దానికి యూయూఐడీ మాడ్యూల్ ఇచ్చే నాలుగైదు అక్షరాలు కలపండి, పానగల్-టెస్ట్-ఎ3ఎఫ్9 అన్నట్టు. ప్రాజెక్ట్ పేరు ఎందుకంటే రేపు ఏదైనా మిగిలిపోతే లిస్టు చూసిన ఎవరికైనా అది ఎవరిదో తెలియాలి, టెస్ట్1, టీఎంపీ2 లాంటి పేర్లు పెడితే ఎవరూ తీయడానికి ధైర్యం చేయరు. డైరెక్టరీ పేరు కూడా అదే పెట్టండి. యీల్డ్ కంటే ముందు పూల్ తయారు చేయడం, యీల్డ్ తర్వాత తీసేయడం. పూల్ తయారయ్యాక మధ్యలో సెటప్ ఏదైనా ఫెయిలైతే యీల్డ్ తర్వాతి కోడ్ నడవదు కాబట్టి, పూల్‌కి ఒక ఫిక్స్చర్, వీఎంకి ఒక ఫిక్స్చర్ వేరుగా రాయడం మేలు.

డిఫైన్ కాకుండా క్రియేట్ వాడండి. లిబ్‌వర్ట్ పైథాన్‌లో స్టోరేజ్‌పూల్‌డిఫైన్ఎక్స్ఎంఎల్ పర్సిస్టెంట్ పూల్ పెడుతుంది, స్టోరేజ్‌పూల్‌క్రియేట్ఎక్స్ఎంఎల్ తాత్కాలిక పూల్ పెడుతుంది. తాత్కాలిక పూల్‌ని ఆపితే రికార్డు కూడా పోతుంది, మెషిన్ రీబూట్ అయినా పోతుంది. కరెంటు పోయే మన ఊళ్లల్లో టెస్టులకి ఇదే సరైనది, డైరెక్టరీ, ఫైళ్లు మిగలొచ్చు కానీ అడ్డుపడే పూల్ మాత్రం మిగలదు. ఒకటి గుర్తుంచుకోండి, తాత్కాలిక పూల్‌ని డెస్ట్రాయ్ చేశాక అన్‌డిఫైన్ పిలిస్తే అలాంటి పూల్ లేదని ఎర్రర్ వస్తుంది, టియర్‌డౌన్ (చివర్లో శుభ్రం చేసే కోడ్) నుంచి ఆ లైను తీసేయండి.

తీసేసే క్రమం కూడా ముఖ్యం: ముందు వీఎం ఆపి అన్‌డిఫైన్ చేయాలి, తర్వాత వాల్యూమ్స్ డిలీట్ చేయాలి, చివరికి పూల్ డెస్ట్రాయ్, ఆ తర్వాత ఖాళీ డైరెక్టరీ తీసేయడం. కొందరు షార్ట్‌కట్‌గా డైరెక్టరీని ఆర్ఎంతో తుడిచేస్తారు, అప్పుడు పూల్ రిఫ్రెష్ అయ్యేదాకా లిబ్‌వర్ట్ లెక్కలో ఆ వాల్యూమ్స్ ఉన్నట్టే ఉంటాయి, తర్వాతి టెస్టు అదే పేరుతో వాల్యూమ్ అడిగితే ఉందంటుంది, ఫైల్ తెరవబోతే లేదంటుంది. అలాంటిది కనిపిస్తే విర్ష్ పూల్-రిఫ్రెష్ కొట్టండి.

డైరెక్టరీ ఎక్కడ పెట్టాలి అన్నది చిన్న విషయంలా ఉంటుంది కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. పైటెస్ట్ ఇచ్చే టీఎంపీ_పాత్ వాడుదామని అందరికీ అనిపిస్తుంది, ప్రతి టెస్టుకి వేరే డైరెక్టరీ ఇస్తుంది కదా అని. పూల్ తయారవుతుంది, వాల్యూమ్ తయారవుతుంది, వీఎం స్టార్ట్ చేయగానే పర్మిషన్ డినైడ్. కారణం, పైటెస్ట్ 6.2.3 నుంచి ఆ డైరెక్టరీలు 0700 పర్మిషన్‌తో (ఓనర్‌కి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా) వస్తాయి, సిస్టమ్ లెక్కలో క్యూఈఎంయూ మీ యూజర్‌గా నడవదు, ఫెడోరా వైపు క్యూఈఎంయూ అనే యూజర్‌గా, ఉబుంటులో లిబ్‌వర్ట్-క్యూఈఎంయూ అనే యూజర్‌గా నడుస్తుంది, మీ డైరెక్టరీలోకి అది అడుగు పెట్టలేదు. హోమ్ ఫోల్డర్ లోపల పెట్టినా చాలా మెషిన్లలో ఇదే గతి. చాలామంది ఇక్కడ కోపం వచ్చి సీహెచ్‌మాడ్ 777 కొట్టి అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేస్తారు, వద్దు. అడ్మిన్ హక్కులున్నవాళ్లతో ఒక్కసారి /వార్/లిబ్/లిబ్‌వర్ట్ కింద టెస్ట్స్ అనే డైరెక్టరీ పెట్టించుకుని, దాని లోపల మీ టెస్టులు ఒక్కోదానికి సబ్‌డైరెక్టరీ పెట్టుకునేలా చేయండి. పూల్-బిల్డ్ గానీ, పైథాన్‌లో క్రియేట్‌కి విత్_బిల్డ్ ఫ్లాగ్ గానీ ఇస్తే ఆ సబ్‌డైరెక్టరీని లిబ్‌వర్టే తయారు చేస్తుంది.

మీరు టెస్ట్ చేస్తున్న ప్రోగ్రామే డిఫాల్ట్ పూల్ కావాలని అడిగితే? అప్పుడు టెస్టుల రన్ మొదట్లో ఒక్కసారి లిస్ట్‌ఆల్‌స్టోరేజ్‌పూల్స్ పిలిచి, ఒక్కో పూల్ ఎక్స్ఎంఎల్ నుంచి పాత్ తీసి, మీకు కావాల్సిన పాత్ ఎవరి దగ్గరుందో చూడండి. ఉంటే దాని పేరే వాడండి, అది ఇమేజెస్ అయినా డిఫాల్ట్ అయినా. లేకపోతేనే తయారు చేయండి, టెస్టు చివర్లో దాన్ని తీసేయకండి. ప్రోగ్రాంలో పూల్ పేరుని సెట్టింగ్‌గా బయటికి తీసి పెట్టగలిగితే ఇంకా మంచిది.

లిబ్‌వర్ట్‌తో నిజమైన డిస్క్ అవసరం లేని టెస్టులు కూడా ఉంటాయి, పూల్ లిస్టు సరిగ్గా చూపిస్తున్నామా, పేరు తప్పైతే సరైన మెసేజ్ ఇస్తున్నామా లాంటివి. వాటికి టెస్ట్:///డిఫాల్ట్ అనే యూఆర్ఐ వాడండి. అది లిబ్‌వర్ట్‌తో పాటే వచ్చే ఉత్తుత్తి డ్రైవర్, మెమరీలోనే అన్నీ చూపిస్తుంది, మెషిన్ మీద ఏదీ ముట్టుకోదు. మీ సూట్‌లో చాలా టెస్టులు ఇటు మారిపోతాయి, వేగం కూడా పెరుగుతుంది.

టెస్టులు ఒకేసారి పక్కపక్కన నడుస్తుంటే

ఎక్స్‌డిస్ట్‌తో (టెస్టులను పంచి ఒకేసారి నడిపే పైటెస్ట్ ప్లగిన్) నాలుగు వర్కర్లు పెట్టి నడిపితే, సెషన్ స్కోప్ ఫిక్స్చర్ (రన్ మొత్తానికి ఒక్కటిగా పెట్టేది) ఒక్కసారే నడుస్తుందని అనుకుంటాం, కానీ ఒక్కో వర్కర్‌లో ఒక్కోసారి నడుస్తుంది. పేరు స్థిరంగా ఉంటే మొదటి వర్కర్ గెలుస్తుంది, మిగతావి కాన్‌ఫ్లిక్ట్‌తో పోతాయి. వర్కర్ ఐడీ జీడబ్ల్యూ0, జీడబ్ల్యూ1 అని వస్తుంది, దాన్ని పూల్ పేరులో, పాత్‌లో కలిపేయండి. పూల్ ఒక్కటే పెట్టి అందరూ పంచుకోవడం కుదరదా అంటే కుదురుతుంది కానీ ఒకరు పెద్ద వాల్యూమ్ తయారు చేస్తుండగా ఇంకొకరు రిఫ్రెష్ పిలిస్తే పైన చెప్పిన అసింక్రనస్ జాబ్స్ ఎర్రర్ వస్తుంది. వర్కర్‌కో పూల్ పెట్టుకోవడమే నయం, డైరెక్టరీకి ఖర్చేముంది.

మెషిన్ మీద వేరేవాళ్ల టెస్టులు కూడా నడుస్తుంటే, వాళ్లవీ మీవీ ఒకే సూట్ అయితే, ఎఫ్‌లాక్ కమాండ్‌తో ఒక లాక్ ఫైల్ పెట్టి దాని వెనక పైటెస్ట్ నడపండి. ఒకరి రన్ అయ్యేదాకా రెండోవాళ్లది ఆగి ఉంటుంది. జెన్కిన్స్ లాంటిది (టెస్టులను తనే నడిపే సర్వర్) వాడుతుంటే ఆ మెషిన్ మీద ఒకేసారి ఒకే జాబ్ నడిచేలా సెట్ చేసినా సరిపోతుంది.

ఏ టెస్టు చెత్త వదిలేస్తోందో పట్టుకోవడం

ఫెయిలైన టెస్టుని ఇప్పుడు ఒంటరిగా నడపండి. పాసైతే దాని తప్పు కాదు, దాని ముందు నడిచిన ఏదో టెస్టు తన పూల్‌ని వదిలేసి పోయింది. దాన్ని పట్టుకోవడానికి ఆటోయూజ్ ఉన్న (ప్రతి టెస్టుకీ తనంతట తనే నడిచే) చిన్న ఫిక్స్చర్ ఒకటి చాలు: టెస్టుకి ముందు పూల్స్ పేర్లన్నీ సెట్‌లో పెట్టుకోండి, టెస్టు అయ్యాక మళ్లీ తీసుకోండి, కొత్తగా మిగిలిన పేరు ఏదైనా మీ ప్రాజెక్ట్ పేరుతో మొదలైతే అక్కడే ఫెయిల్ చేయండి. ఈ ఫిక్స్చర్ మీ పూల్ ఫిక్స్చర్ కంటే ముందు సెటప్ అయ్యేలా చూసుకోవాలి, అప్పుడే అన్నిటికంటే చివర్లో చూస్తుంది. ప్రాజెక్ట్ పేరు షరతు ఎందుకంటే, టెస్టు నడుస్తున్నప్పుడే పక్కసీటు అమ్మాయి వర్ట్-మేనేజర్ తెరిస్తే కొత్త పూల్ కనిపిస్తుంది, దానికి మీ టెస్టుని తిట్టకూడదు కదా.

అంతా అయ్యాక పరీక్షించేది ఇలా. సూట్‌ని వరసగా రెండుసార్లు నడపండి, రెండోసారి ఫెయిలైతే ఇంకా ఏదో మిగులుతోంది. టెస్టుల క్రమం తిరగేసి నడపండి. తర్వాత సూట్ మధ్యలో ఉండగా ఇంకో టెర్మినల్ నుంచి పైటెస్ట్‌ని కిల్ -9తో చంపేసి, చేత్తో ఏమీ శుభ్రం చేయకుండా వెంటనే మళ్లీ నడపండి. పేర్లలో రాండమ్ అక్షరాలు ఉన్నాయి కాబట్టి కొత్త రన్ పాసవ్వాలి, పాత రన్‌ది ఒక తాత్కాలిక పూల్ లిస్టులో కనిపించాలి, మధ్యలో ఆగిన వీఎం కూడా ఒకటి ఉండొచ్చు. వాటిని తీసేయడానికి మీ ప్రాజెక్ట్ పేరుతో మొదలయ్యే వీఎంలను, పూల్స్‌ని మాత్రమే, ఒక రోజు కంటే పాతవైతేనే తీసేసే చిన్న స్క్రిప్టు రాసి క్రాన్‌లో రాత్రిపూటకి పెట్టండి. వయసు తెలుసుకోవడానికి పూల్ డైరెక్టరీ తేదీ చూస్తే చాలు. ఆ స్క్రిప్టులో పేరు పోల్చే లైను రాసేటప్పుడు ప్రాజెక్ట్ పేరు ఖాళీగా వస్తే వెంటనే ఆగిపోయేలా ఒక షరతు పెట్టండి, ఖాళీ పేరుతో అన్ని పూల్సూ మొదలవుతాయి మరి.